ముసలితనం రోగనిర్ణయం కాదు

అమెరికాలో పాత మోటారుహోము కొన్నవాడికి ఉచితసలహాలకు కొదవుండదు. బండి వేడెక్కుతోందని నోరు జారితే చాలు, ముగ్గురు మిత్రులు మూడు మందులు చెబుతారు. మొదటివారు "రేడియేటరులో లీకు ఆపే పొడి పోసెయ్యండి" అంటారు. రెండోవారు "థర్మోస్టాటు పీకి అవతల పారెయ్యండి" అంటారు. మూడోవారు వేదాంతి. "పాత బండి అంతేనండీ, నాలుగు క్యాన్ల నీళ్ళు వెంట పెట్టుకుని బయల్దేరండి" అంటారు. ముగ్గురూ సజ్జనులే. ముగ్గురి మీదా నాకు గౌరవమే. కానీ ఈ మూడు సలహాలూ ప్రమాదకరమైనవనీ, మూడింటికీ మూలం ఒకే దురభ్యాసమనీ నా వాదన. కారణం వెతక్కుండా లక్షణాన్ని అణచివేయడమే ఆ దురభ్యాసం.

నేను మాట్లాడుతున్నది 1980లు, 90ల నాటి పెట్రోలు బళ్ళ గురించి. పడకలు, వంటగది, స్నానాలగది అన్నీ ఉన్న ఆరేడు టన్నుల ఇంటిని 7.5 లీటర్ల ఫోర్డు ఇంజనో, 7.4 లీటర్ల షెవ్రోలే ఇంజనో కొండలెక్కించాలి. నా దగ్గరున్నదీ ఆ జాతిదే. వీటిలో చాలావాటికి ఇంజను డ్రైవరు సీటుకూ పక్క సీటుకూ నడుమ, ఒక మూత కింద ఉంటుంది. అంటే ఆ మూతకు జానెడు దూరంలో మన అమ్మో, నాన్నో, భార్యో కూర్చుంటారన్నమాట. ఈ విషయాన్ని ఇంత పట్టుదలగా వాదించడానికి కారణం అదే.

ముందుగా ఒక మౌలికమైన సంగతి. కూలంటు కారడం ఒక జబ్బు, ఇంజను కాగడం మరో జబ్బు అని చాలామంది అనుకుంటారు. కారుతున్న బండిలో ఈ రెండూ ఒకే జబ్బు. రేడియేటరు మూత కేవలం మూత కాదు, అదొక ఒత్తిడి కవాటం. సాధారణంగా 15 పి.ఎస్.ఐ. దాకా ఒత్తిడిని లోపల నిలిపి ఉంచుతుంది. మన వంటింటి ప్రెషరు కుక్కరులో ఉండేదీ ఇంచుమించు ఇంతే. నీళ్ళూ గ్లైకాలూ చెరిసగం కలిపిన కూలంటు బయట సుమారు 107 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరిగితే, ఆ ఒత్తిడిలో సుమారు 129 దాకా మరగదు. గాస్కెట్టు అరిగిన కుక్కరులో పప్పు ఎందుకు ఉడకదో మన ఇళ్ళలో అందరికీ తెలుసు. ఒత్తిడి నిలవదు కనుక. అదే సూత్రం ఇక్కడ తిరగబడి పనిచేస్తుంది. సూదిమొనంత కంత నుంచి ఒత్తిడి జారిపోతే, మరగకూడని చోట కూలంటు మరుగుతుంది. ఆవిరి బుడగ ఉన్నచోట లోహానికి చల్లదనం అందదు. పోయింది గ్లాసెడు కూలంటే కావచ్చు, కానీ దాంతోపాటు పోయినది ఇరవై పైచిలుకు డిగ్రీల రక్షణ. "నీళ్ళు పోస్తూ నడుపు" అనే వేదాంతి లెక్కలోకి తీసుకోనిది దీన్నే. ఆయన పోస్తున్నది నీళ్ళు, కావలసినది ఒత్తిడి. పైగా ఉత్త నీళ్ళు పోసినకొద్దీ గ్లైకాలూ, తుప్పును అడ్డుకునే రసాయనాలూ పలచబడతాయి. చలికాలంలో గడ్డకట్టే ప్రమాదం అదనం.

ఇక పొడి సంగతి. లీకు ఆపే పదార్థానికి కంత ఏదో, కాలువ ఏదో తెలియదు. సన్నగా ఉన్న ప్రతిచోటా పేరుకోవడమే దాని స్వభావం. రేడియేటరు గొట్టాలు సన్నగా ఉంటాయి. హీటరు లోపలివి ఇంకా సన్నగా ఉంటాయి. కంత పూడితే పూడవచ్చు, కానీ చల్లబరిచే దారులూ దానితోపాటే పూడతాయి. నేను కొన్న బండిలో మునుపటి యజమాని హయాంలో ఎవరో ఈ పుణ్యం కట్టుకున్నారు. రేడియేటరు విప్పి చూస్తే అడుగున గోధుమరంగు బురద, గొట్టాల నోళ్ళు సగానికి సగం మూసుకుపోయి ఉన్నాయి. దానికి తోడు అసలు లీకు అలాగే ఉంది! ఇంజను నుంచి వెనకగదిలోని హీటరుకు బండి అడుగున పొడవునా పోయే రబ్బరు గొట్టం, ఒక ఇనుపబద్దీకి రాసుకుని కోసుకుపోయింది. పొడికి అది అందే లీకు కాదు, కంటికి అందేది. వంగి చూసినవాడు లేడంతే.

దానికి ముందు ఒక మరమ్మతు దుకాణానికి తీసుకెళ్ళి లీకు ఎక్కడో కనిపెట్టమని అడిగాను. కౌంటరులోని పెద్దమనిషి బండి వయసు విని, "దీనికి అంత వెతుకులాట దండగ" అని ఒక సీసా తీసి బల్ల మీద పెట్టాడు. నేను సీసా తీసుకోకుండా బయటికొచ్చాను. బండి వయసును రోగనిర్ణయంగా చెప్పడం నాకు నచ్చలేదు. మా నాన్నగారి మోకాళ్ళ నొప్పి గురించి అడిగినప్పుడు "ఏముందండీ, వయసు" అన్న వైద్యులను చాలామందిని చూశాను. వయసు ఎక్కడ నొప్పో చెప్పదు. గొట్టం పాతది కావడం వల్ల కారదు, పగిలితే కారుతుంది. పగిలిన చోటు ఒకటుంటుంది. దాన్ని వెతకాలి.

థర్మోస్టాటు పీకే సలహా మన ఊళ్ళ నుంచి మనతోపాటే విమానమెక్కి వచ్చింది. ఘాట్ రోడ్డు మలుపులో బానెట్టు ఎత్తి చెంబుతో నీళ్ళు పోస్తున్న అంబాసిడర్లను చూస్తూ పెరిగిన తరం మనది. ఆనాటి డ్రైవర్లకు విడిభాగం దొరికేది కాదు, పీకేసేవారు. అది వారి నిస్సహాయత. దాన్ని మనం శాస్త్రమనుకుంటున్నాం. చెడి మూసుకుపోయిన థర్మోస్టాటును మార్చాలి, నిజమే. కానీ అది లేకపోతే చదును రోడ్డు మీద ఇంజను చల్లగా నడిచి పెట్రోలు తాగుతుంది, లోపలి నూనె చెడుతుంది. ఎక్కుడు మీద థర్మోస్టాటు ఎలాగూ పూర్తిగా తెరుచుకునే ఉంటుంది కనుక, అది లేనందువల్ల అక్కడ ఒరిగేదేమీ లేదు.

మరి చేయవలసినదేమిటి? క్రమం తప్పకుండా, చవకైన దానితో మొదలుపెట్టి:

1. మూత మార్చండి. రబ్బరు గట్టిపడిన మూత ఒత్తిడి నిలపదు.

2. ఇంజను చల్లగా ఉండగా ఒత్తిడి పరీక్ష చేయండి. చేతిపంపును విడిభాగాల దుకాణాలు డిపాజిట్టు కట్టించుకొని అరువిస్తాయి, తిరిగిచ్చేస్తే డబ్బు వాపసు. మూత మీద రాసి ఉన్నంత ఒత్తిడి ఎక్కించి పావుగంట ముల్లును చూడండి. ముల్లు దిగితే లీకు ఉన్నట్టే.

3. అప్పుడు టార్చి పట్టుకుని బండి కింద దూరండి. నీటిపంపు కింది చిన్న రంధ్రం, బిగింపు పట్టీలు, రేడియేటరు అతుకులు, వెనక హీటరు గొట్టాలు, అన్నీ చూడండి.

4. ముల్లు దిగుతూ ఎక్కడా చుక్క కనబడకపోతే హెడ్ గాస్కెట్టును అనుమానించండి. దహనవాయువులు తగిలితే నీలం నుంచి పసుపుకు మారే ద్రవంతో ఒక పరీక్ష ఉంది.

5. కారకుండానే కాగుతుంటే ఫ్యాను క్లచ్చిని చూడండి. వేడెక్కినప్పుడు ఫ్యానును బిగించి తిప్పే సిలికాను నూనె ఏళ్ళ తరబడి కారిపోతుంది. ఎక్కుడు మీద విమానంలాంటి హోరు వినబడకపోతే అది పనిచేయడం లేదన్నమాట.

6. ఏ.సి. జాలీకీ రేడియేటరుకూ మధ్య చేరిన పురుగులు, ఆకులు, దుమ్ము తీసెయ్యండి.

ఇందులో బ్రహ్మవిద్య ఏదీ లేదు. కావలసినది ఒక శనివారం.

"ఎడారి నడుమ ఆగిపోతే అప్పుడు కూడా శాస్త్రాలు వల్లిస్తావా?" అని అడగవచ్చు. వల్లించను. ఏ.సి. ఆపి, హీటరు పూర్తిగా పెట్టి, చిన్న గేరులో నెమ్మదిగా నడిపి, సురక్షితమైన చోట ఆగమంటాను. వేడి మీద మూత మాత్రం తెరవవద్దంటాను. ఒత్తిడి పోయిన మరుక్షణం లోపలిదంతా ఆవిరై ముఖాన కొడుతుంది. మరో దారి లేకపోతే పొడి పోసుకుని ఊరు చేరండి. చేరాక కడిగించండి. కట్టు వేరు, చికిత్స వేరు.

"నా బండి నా ఇష్టం" అనేవారికీ ఒక మాట. ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది. బండి కింద కారిన ఆ తీపిని నాకిన కుక్క మూత్రపిండాలు చెడి చస్తుంది. అమ్మకానికి ముందు పొడి పోసి లీకు దాచేవాడు, కొనేవాడి కుటుంబాన్ని ఏదో ఒక ఎక్కుడు మీద నిలబెడుతున్నాడు. దీన్ని నేను మోసమనే అంటాను, ఇంతకంటే మెత్తని మాట నాకు దొరకలేదు.

కాలిఫోర్నియాలో లాస్ వేగాస్ పోయే దారిలో బేకర్ అనే ఊరుంది. 1913లో డెత్ వ్యాలీలో నమోదైన 134 డిగ్రీల ఫారెన్‌హీటు వేడికి గుర్తుగా అక్కడ 1991లో 134 అడుగుల ఉష్ణమాపకాన్ని నిలబెట్టారు. అందరూ దిగి దానికి ఫొటోలు తీసుకుంటారు. ఆ ఊరు దాటగానే పొడవాటి ఎక్కుడు. ఊరి ఉష్ణమాపకానికి ఇచ్చిన శ్రద్ధలో పదోవంతు తమ డాష్‌బోర్డు ముల్లుకు ఇచ్చినా చాలునని నా విన్నపం.

పొడి పక్షాన వాదించదలచినవారికి వ్యాఖ్యల పెట్టె తెరిచే ఉంది. ఒకటే షరతు. ముందు ఒత్తిడి పరీక్ష చేసి, ముల్లు ఎంత దిగిందో చెప్పి మొదలుపెట్టండి.