మోసేది గుర్రమే, ఊపిరి మాత్రం మీదే

ఈక్వడార్‌లో 5,897 మీటర్ల కోటోపాక్సీ అగ్నిపర్వతం చుట్టూ నాలుగైదు రోజులు గుర్రాల మీద తిరిగొద్దామని మీ పిల్లలు పిలుస్తున్నారా? వెళ్లండి, నేను వద్దనను. కాకపోతే ప్యాకేజీలో ఫొటోల కంటే ముందు ఒక సంగతి చూడండి: ఏ రాత్రి ఎంత ఎత్తులో బస?

రాజధాని క్విటోయే 2,850 మీటర్ల ఎత్తు. కొండల్లోని గడ్డినేలలు 3,500 దాటతాయి. గుర్రం మోస్తోంది కాబట్టి అలసట తెలియదు, బాగానే ఉన్నామనుకుంటాం. కానీ అక్కడ ఆక్సిజన్ రౌతుకూ తక్కువే. రోజూ జిమ్‌కు వెళ్లేవారికీ మినహాయింపు లేదు. (నడుం నొప్పంటారా, అది ఎలాగూ తప్పదు.)

ముందు క్విటోలో రెండు రాత్రులైనా ఆగండి. 3,000 మీటర్లు దాటాక పడుకునే చోటు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదు. ఎసిటజోలమైడ్ మాత్ర పనిచేస్తుంది గానీ, సల్ఫా మందులు పడనివారు, కిడ్నీ జబ్బున్నవారు డాక్టరును అడక్కుండా వేసుకోవద్దు.

తలనొప్పి, వాంతులు మొదలైతే ఇక పైకి వెళ్లొద్దు. నలుగురికీ ఆలస్యమవుతుందని నొప్పి దాచుకునే అమ్మలను మా ఓపీలో రోజూ చూస్తుంటాను. నడక తూలినా, ఊరికే కూర్చున్నా ఆయాసం వస్తున్నా వెంటనే కిందికి దిగాల్సిందే, అర్ధరాత్రయినా సరే. అందుకే ప్రతి సాయంత్రం అందరూ గుర్రం దిగి, మడమకు వేళ్లు తాకిస్తూ పది అడుగులు తిన్నగా నడిచి చూడండి. జీను మీద ఉన్నంతసేపూ తూలుతున్నది మనిషో గుర్రమో ఎవరికీ తెలియదు.