ఫ్యాను లేని కంప్యూటరు

పగలెల్ల పనిచేసిన గృహిణికి రాత్రి ఒక గంట పాటయో చలనచిత్రమో విశ్రాంతి. అందులకై టెలివిజనుకు జోడించిన చిన్న కంప్యూటరు తన ఫ్యాను రొదచే ఉయ్యాలలోని శిశువును లేపుచున్నచో ఆ గంటయు దక్కదు. ఫ్యాను లేని యంత్రమే దీనికి మందని మేము తలంచుచున్నాము.

అందు ప్రాసెసరు వేడిమిని రాగిగొట్టములు అల్యూమినియపు రెక్కలకు చేర్చును. రెక్కలను తాకిన గాలి వేడెక్కి పైకి పోవును. దాని చోటికి క్రిందినుండి చల్లనిగాలి వచ్చును. కాని కరీంనగరము, ఆదిలాబాదులందు వేసవి యెండ 45 డిగ్రీలు దాటుట కలదు. ఇంటిలోని గాలియే కాగినచో రెక్కలు చల్లబడుట యెట్లు? ప్రాసెసరు సుమారు 100 డిగ్రీలకు చేరగానే తన్ను కాపాడుకొనుటకు వేగము తగ్గించుకొనును, చిత్రము తడబడును.

కావున మన జిల్లాలవారు 6 మొదలు 15 వాట్లలోపు ప్రాసెసరునే కోరవలెను. రెక్కలు నిలువుగా నుండునట్లు, చుట్టును జానెడు చోటు విడిచి, బీరువాలో గాక బయట నుంచవలెను. దుమ్ము తరచుగా తుడువవలెను. ముచ్చటపడి అల్లిన లేసుగుడ్డను మాత్రము దానిపై కప్పకుడు; అందమునకై కప్పిన గుడ్డయే దానికి ఊపిరాడనీయదు.