డీడీ ఫ్రీ డిష్: నెల బిల్లు లేదు సరే.. తెలుగువాళ్లకు దక్కేదెంత?

తిరువూరు (ఎన్టీఆర్ జిల్లా): నెల తిరిగేసరికి కేబుల్ బిల్లు. కట్టకపోతే టీవీలో బొమ్మ ఆగిపోతుంది. తెలంగాణ సరిహద్దులో ఉన్న తిరువూరు లాంటి చోట్ల, కూలి డబ్బులతో ఇల్లు గడిపే కుటుంబాలకు అదీ ఒక భారమే. వాళ్ల ముందున్న మరో దారి దూరదర్శన్ ఫ్రీ డిష్. ఒక్కసారి డిష్, బాక్స్ కొని పెట్టించుకుంటే ఇక రీఛార్జ్ మాటే ఉండదు. మరి అందులో తెలుగువాళ్లకు దొరికేది ఏంటి? అసలు చిక్కు అక్కడే ఉంది.

యాంటెన్నా నుంచి డిష్ దాకా

దూరదర్శన్ 1959 సెప్టెంబర్ 15న ఢిల్లీలో ప్రయోగంగా మొదలైంది. 1975లో శాటిలైట్ ద్వారా ఆరు రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలకు టీవీ చేరింది. వాటిలో మన ఆంధ్రప్రదేశ్ పల్లెలూ ఉన్నాయి. 1977 అక్టోబర్ 23న హైదరాబాద్ కేంద్రం వచ్చింది. అప్పట్లో ఇంటిపైన యాంటెన్నా ఉంటే చాలు, నెలనెలా కట్టేదేమీ లేదు.

కేబుల్ వచ్చాక ఆ లెక్క మారింది. 2004 డిసెంబర్‌లో 33 ఛానళ్లతో డీడీ డైరెక్ట్ ప్లస్ వచ్చింది. ఇప్పటి ఫ్రీ డిష్ అదే. పాత అనలాగ్ ట్రాన్స్‌మిటర్లు 2022 నాటికి దాదాపు అన్నీ మూతపడ్డాయి. అంటే ఒకప్పటి యాంటెన్నా చేసిన పని ఇప్పుడు ఈ డిష్ చేయాలి. దేశంలో 2018లో 3.3 కోట్ల ఇళ్లలో ఉన్న ఫ్రీ డిష్ 2024 నాటికి 4.9 కోట్ల ఇళ్లకు చేరిందని అంచనా.

ఫ్రీగా ఎలా ఇస్తున్నారు?

చూసేవాళ్లు కట్టకపోతే డబ్బు ఎక్కడిది? ప్రైవేట్ ఛానళ్లు ఇస్తాయి. ఫ్రీ డిష్‌లో చోటు కావాలంటే ఈ-వేలంలో పాడుకోవాలి. ఎక్కువ పాడినవాళ్లకే స్లాట్. ఉత్తరాదిలో ఫ్రీ డిష్ ఇళ్లు ఎక్కువ, యాడ్స్ ఆదాయమూ ఎక్కువ. అందుకే స్లాట్లలో ఎక్కువ భాగం హిందీ ఛానళ్లకే వెళ్తోంది. తెలుగులో పెద్ద ఛానళ్లకు కేబుల్, డీటీహెచ్ చందాలు వస్తుంటే ఫ్రీగా ఎందుకిస్తాయి? 2019లో పెద్ద సంస్థలు తమ ఫ్రీ హిందీ ఛానళ్లనే ఈ డిష్ నుంచి తీసేశాయి. కంపెనీ లెక్క మారితే ఛానల్ మాయమైపోతుంది. చూసేవాడిని అడిగేవాళ్లు లేరు.

తిరువూరుకు రెండూ కావాలి

వేలంతో పని లేకుండా వచ్చేవి దూరదర్శన్ సొంత ఛానళ్లు. 2014లో రాష్ట్ర విభజన తర్వాత ఏపీకి విజయవాడ నుంచి సప్తగిరి, తెలంగాణకు హైదరాబాద్ నుంచి యాదగిరి నడుస్తున్నాయి. అటు ఖమ్మం, ఇటు విజయవాడ రెండిటితో సంబంధం ఉండే సరిహద్దు ఊళ్లకు ఇది నిజంగానే ఉపయోగం. 2020 లాక్‌డౌన్‌లో పదో తరగతి పాఠాలు సప్తగిరిలో వచ్చాయి. స్మార్ట్‌ఫోన్ లేని ఇంట్లో పిల్లలకు టీవీయే బడి అయింది.

క్రికెట్ సంగతీ ఉంది. జాతీయ ప్రాధాన్యం ఉన్న మ్యాచ్‌ల సిగ్నల్‌ను ప్రసార భారతితో పంచుకోవాలని 2007 చట్టం చెబుతోంది. అయితే ఆ సిగ్నల్ దూరదర్శన్ సొంత ప్రసారాలకు, ఫ్రీ డిష్‌కే పరిమితమని 2017లో సుప్రీంకోర్టు తేల్చింది. కేబుల్‌లో డీడీ పెట్టినా ఆ మ్యాచ్ రాకపోవడానికి కారణం ఇదే.

బాక్స్ ఇస్తే సరిపోతుందా?

మారుమూల, గిరిజన, సరిహద్దు ప్రాంతాల్లో 8 లక్షలకు పైగా ఉచిత బాక్సులు ఇచ్చే ప్రతిపాదనతో, 2023 జనవరిలో కేంద్రం 2,539 కోట్ల రూపాయల ‘బిండ్’ పథకాన్ని ఆమోదించింది. మంచిదే. కానీ బాక్సులో ఏం వస్తుందన్నది వేరే ప్రశ్న. 1997 నుంచి ప్రసార భారతి పేరుకు స్వతంత్ర సంస్థే అయినా, వార్తల్లో ప్రభుత్వ గొంతే వినిపిస్తుందన్న విమర్శ ఇప్పటికీ ఉంది.

తెలుగు ప్రైవేట్ ఛానళ్లు వేలానికి రాకపోతే బరువంతా సప్తగిరి, యాదగిరిల మీదే పడుతుంది. మామిడి ధర పడిపోయినా, వాగు పొంగి రోడ్డు తెగినా ఆ వార్త ఆ రోజే అందులో రావాలి. రాకపోతే తిరువూరు కుటుంబం మళ్లీ కేబుల్ బిల్లు కట్టడానికే వెళ్తుంది.