ఓర్కాను ఎంత దగ్గరగా చూడాలి?

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రానికీ, కెనడాకు చెందిన వాంకూవర్ దీవికీ నడుమ సాన్ వాన్ అనే దీవులున్నాయి. వేసవి వచ్చిందంటే అక్కడి రేవుల నుంచి యాత్రికులతో పడవలు బయలుదేరుతాయి. వెంట ఒక గైడు ఉండి వివరాలు చెబుతాడు. అందరూ వెళ్ళేది ముఖ్యంగా ఒకే జంతువును చూడడానికి. అదే ఓర్కా. సియాటిల్ ప్రాంతంలో ఎన్నో తెలుగు కుటుంబాలు స్థిరపడ్డాయి. మీ బంధువులు కూడా అక్కడ ఉంటే, రేపు మీకే ఆ పడవ ఎక్కే అవకాశం రావచ్చు. అందుకే ఇప్పుడే ఒక విషయం ఆలోచిద్దాం. ఎంత దగ్గరగా చూస్తే అంత గొప్పా? కాదని నా అభిప్రాయం.

ముందు ఓర్కా సంగతి తెలుసుకుందాం. దీన్ని ‘కిల్లర్ వేల్’ అంటారుగాని, నిజానికి ఇది డాల్ఫిన్ల కుటుంబంలో అన్నిటికన్నా పెద్దది. ఊపిరితిత్తులతో గాలి పీల్చి, పిల్లలకు పాలిచ్చే క్షీరదం. ఎదిగిన మగ ఓర్కా 6 నుంచి 8 మీటర్ల పొడవుంటుంది. దాని వీపు మీది రెక్క 1.8 మీటర్ల ఎత్తు దాకా పెరుగుతుంది. అంటే పొడగరి మనిషంత!

ఆ సముద్రంలో ముఖ్యంగా రెండు రకాల ఓర్కాలు తిరుగుతాయి. ఒక రకం చేపలనే తింటుంది. అందులోనూ చినూక్ అనే పెద్ద సాల్మన్ చేప అంటే దానికి ప్రాణం. రెండో రకం సీల్ వంటి సముద్ర జంతువులను వేటాడుతుంది. ఒకే నీటిలో తిరుగుతున్నా ఈ రెండు రకాలూ జతకట్టవు. సీల్‌లను తినే రకం సంఖ్య పెరుగుతోంది. చేపలు తినే ‘దక్షిణపు స్థానిక ఓర్కాలు’ మాత్రం ఆపదలో ఉన్నాయి.

ఈ ఆపద వెనుక మనిషి చేతలున్నాయి. 1960లలోనూ 70లలోనూ వినోదశాలల కోసం వలలు పన్ని ఓర్కా పిల్లలను పట్టుకుపోయారు. 1970లో అలా పట్టిన టోకిటే అనే ఓర్కా, యాభై ఏళ్ళకు పైగా తొట్టిలోనే బతికి 2023లో మరణించింది. ఆ రోజుల్లోనే మైకేల్ బిగ్ అనే కెనడా శాస్త్రజ్ఞుడు, రెక్క మీది గాట్లనూ దాని వెనుక ఉండే బూడిదరంగు మచ్చనూ ఫోటోలు తీసి ఏ ఓర్కా ఏదో గుర్తించవచ్చని చూపాడు. లెక్కపెడితే అవి బహు కొద్దిగానే ఉన్నాయని తేలింది. 1976 తర్వాత వాషింగ్టన్ నీళ్ళలో వాటిని పట్టడం ఆగిపోయింది. 1995 నాటికి దక్షిణపు స్థానిక ఓర్కాలు 98కి పెరిగాయి. కాని మళ్ళీ తగ్గి, 2024 జూలై లెక్కలో 73 మాత్రమే మిగిలాయి. మీ బడిలో రెండు తరగతుల పిల్లలంత మంది కూడా ఉండకపోవచ్చు!

ఇప్పుడు పడవల విషయానికి వద్దాం. ఆ నీటిలో చూపు ఎంతో దూరం ఆనదు. అందుకని ఓర్కా చెవులతో వేటాడుతుంది. ‘టిక్ టిక్’ మని శబ్దాలు పంపి, చేపకు తగిలి తిరిగి వచ్చే ప్రతిధ్వనిని వింటుంది. ఒక చిన్న లెక్క వేయండి. నీటిలో శబ్దవేగం సెకనుకు సుమారు 1500 మీటర్లు. చేప 150 మీటర్ల దూరంలో ఉంటే శబ్దం పోయి రావడానికి 300 మీటర్లు ప్రయాణించాలి. అంటే సెకనులో అయిదో వంతు కాలం. ఆ బలహీనమైన ప్రతిధ్వని వచ్చే సమయానికి పక్కన పడవ ఇంజను రొద చేస్తుంటే ఏమవుతుంది? తరగతిలో అందరూ ఒక్కసారి అరుస్తుండగా వెనుక బెంచీవాడు గొణిగిన జవాబు మాస్టారికి వినిపిస్తుందా? పడవలు దగ్గరికి వచ్చినప్పుడు ఆడ ఓర్కాలు వేట మానుకోవడం శాస్త్రజ్ఞులు గమనించారు. పిల్లకు పాలివ్వవలసిన తల్లి వేట మానుకుంటే నష్టం ఎవరికో వేరే చెప్పనక్కరలేదు. 2018లో ఒక తల్లి ఓర్కా, పుట్టిన కొద్దిసేపటికే చనిపోయిన పిల్లను 17 రోజులు మోస్తూ తిరిగింది.

‘పడవలు మాత్రమే కారణమా?’ అని మీరడగవచ్చు. కాదు. నదులకు ఆనకట్టలు కట్టడం, చేపలను మితిమీరి పట్టడం వంటివాటి వల్ల సాల్మన్ తగ్గిపోయింది. కర్మాగారాల విషపదార్థాలు ఓర్కాల కొవ్వులో పేరుకున్నాయి. పెద్ద ఓడలూ రొద చేస్తాయి. నిజమే. కాని సాల్మన్ మళ్ళీ పెరగాలంటే దశాబ్దాలు పట్టవచ్చు. ఇంజను వేగం తగ్గించడానికి ఒక్క నిమిషం చాలు. చేతిలో ఉన్న పని ముందు చేయడం వివేకం గదా!

‘చూడనిదే ప్రేమ ఎలా పుడుతుంది?’ అనేవారున్నారు. ఈ మాటలో బలముంది. తొట్టిలో ఆడించిన జంతువును చూడడం కన్నా సముద్రంలో స్వేచ్ఛగా ఈదే జంతువును చూడడం ఎన్నో రెట్లు మేలు. మంచి గైడు పాఠాలు కూడా చెబుతాడు. అందుకే యాత్రలు మూసేయమని నేననను. దూరం పాటించమంటాను. వాషింగ్టన్ రాష్ట్రంలో 2025 జనవరి నుంచి, దక్షిణపు స్థానిక ఓర్కాలకు పడవలు 1000 గజాల లోపు వెళ్ళరాదని చట్టం అమలులోకి వచ్చింది. అంటే దాదాపు 900 మీటర్లు. ‘అంత దూరం నుంచి ఏం కనిపిస్తుంది?’ అని విసుక్కునేవారికి నా జవాబు ఒక్కటే. బైనాక్యులర్స్ పట్టుకెళ్ళండి. నీటి పైకి లేచే ఊపిరి ఆవిరినీ, నల్లని రెక్కనూ చూడవచ్చు. ఇంకా మంచి మార్గమూ ఉంది. సాన్ వాన్ దీవి పడమటి గట్టున లైమ్ కిల్న్ అనే ఉద్యానవనం ఉంది. అక్కడ ఒడ్డున కూర్చునే ఓర్కాలను చూడవచ్చు. అక్కడికి ఇంజను రొద మోసుకుపోనక్కరలేదు.

ఈ మాట మనకూ వర్తిస్తుంది. శ్రీకాకుళానికి ఎగువన, ఒడిశాలోని చిలికా సరస్సులో, ఓర్కా కుటుంబానికే చెందిన ఇరవాడీ డాల్ఫిన్లున్నాయి. వాటిని చూపించడానికి మోటారు పడవలున్నాయి. మీరు వెళితే పడవవానితో, ‘దగ్గరికి పోనివ్వన్నా’ అనకండి. ‘ఇంజను ఆపన్నా, ఇక్కడి నుంచే చూస్తాం’ అనండి. డబ్బిచ్చే యాత్రికుడు అడిగితే పడవవాడు తప్పక వింటాడు. జంతువు తన పని తాను చేసుకుంటుండగా చూసి రావడమే నిజమైన పరిశీలన. మనల్ని చూసి అది పని మానుకుందంటే, మనం చూసింది దాని జీవితాన్ని కాదు, దాని అవస్థను.