హార్మోనియం ఇంట్లో లేనివాడికి

ప్రియమైన తమ్ముళ్ళకు, నాతోపాటు ఇక్కడ వరుసలో నిలబడి ప్లేటూ గ్లాసూ కడుక్కున్న పాత మిత్రులకు నమస్కారం.

వార్షికోత్సవం అంటే మన స్టేజీ మీద బాలు పాట ఉండి తీరుతుంది. "మన నెల్లూరాయన" అని మైకులో గొప్పగా చెప్పుకుంటాం. చెప్పుకోవలసిందే. అయితే "అది దేవుడిచ్చిన గొంతురా" అని ఒక్క ముక్కలో తేల్చేయడం నాకు నచ్చదు. ఆ గొంతు పక్కన చిన్నప్పటినుంచీ ఒక హార్మోనియం ఉంది.

ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గారి తండ్రి సాంబమూర్తి గారు హరికథకులు. గురువు దగ్గర కూర్చుని నేర్చుకోకపోయినా, తండ్రిని చూస్తూనే హార్మోనియం, వేణువు పట్టుబడ్డాయి. అనంతపురంలో ఇంజనీరింగులో చేరి, టైఫాయిడ్ వచ్చి మానేసి, మద్రాసులో ఏ.ఎం.ఐ.ఇ. చదువుతూ పాటల పోటీల్లో పాడారు. కోదండపాణి గారు 1966లో 'శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న'తో సినిమాల్లోకి తెచ్చారు. ఆ రోజుల్లో ఆయన కచేరీ బృందంలో వాద్యం వాయించిన కుర్రాళ్ళలో ఇళయరాజా ఒకరు. శాస్త్రీయ సంగీతం నేర్వని ఆ మనిషే 'శంకరాభరణం' (1980) పాటలకు జాతీయ అవార్డు తెచ్చుకున్నారు. 'ఏక్ దూజే కే లియే' (1981) సమయంలో దక్షిణాది యాస హిందీకి పనికిరాదని సంగీత దర్శకులు వెనకాడితే, బాలచందర్ పట్టుబట్టి పాడించారు. దానికీ జాతీయ అవార్డే! పట్నం కాలేజీలో మన యాసకు నవ్వేవాళ్ళకు ఈ సంగతి చెప్పవచ్చు.

ఇక అసలు సంగతికి వస్తాను. మన ఇళ్ళల్లో హార్మోనియం ఎక్కడుంది? వాద్యమే లేదనను. మనలో చాలామంది ఇంట్లో డప్పు ఉంది, దాని లయ మన రక్తంలో ఉంది. కానీ స్వరం పట్టుకోవాలంటే మెట్లున్న వాద్యం కావాలి. మా గదిలో ఒకడుండేవాడు. స్టడీ అవర్ అయ్యాక ట్రంకు పెట్టె మీద దరువేసి పాడితే వంటమనిషి కూడా గరిటె పట్టుకుని వచ్చి వినేవాడు. వాడికి శ్రుతి అంటే ఏమిటో చెప్పినవాళ్ళు లేరు. పదో తరగతితో పాటా పోయింది. ఇప్పుడు లారీ తోలుతున్నాడు. లారీ తోలడం తప్పని కాదు, వాడు పాడడం మానేశాడని నా బాధ.

ఇంట్లో లేనిది హాస్టల్లో దొరికితే ఏమవుతుందో చూడాలంటే అమెరికా దాకా వెళ్ళాలి. రే చార్లెస్ 1930లో పుట్టిన పేద నల్లజాతి పిల్లవాడు. ఏడేళ్ళకే చూపు పోయింది. ఫ్లోరిడాలో ప్రభుత్వం నడిపే అంధుల వసతి పాఠశాలలో వేశారు. అక్కడా తెల్లపిల్లలు వేరు, నల్లపిల్లలు వేరు. అయినా అక్కడ పియానో ఉంది. వేళ్ళతో తడిమి బ్రెయిల్ సంగీత లిపి చదవడం నేర్చుకున్నాడు. అక్కడుండగానే, పద్నాలుగేళ్ళ వయసులో తల్లి చనిపోయింది. చర్చి పాటనూ బ్లూస్ పాటనూ కలిపి ఆయన పాడినదాన్నే లోకం 'సోల్' అంది. రాక్ గాయకులెందరో అక్కడినుంచే నేర్చుకున్నారు. 1961లో జార్జియా రాష్ట్రం అగస్టాలో నల్లవాళ్ళను బాల్కనీకి పరిమితం చేస్తారని తెలిసి కచేరీ మానుకున్నాడు, నష్టపరిహారం కట్టాడు. అదే జార్జియా 1979లో ఆయన పాడిన పాటను రాష్ట్ర గీతం చేసుకుంది.

"ముందు మార్కులు, తర్వాత పాటలు" అంటారు మన పెద్దలు. వాళ్ళ భయం నాకు తెలుసు, మన ఇళ్ళకు ఉద్యోగం కావాలి. కానీ సాయంత్రం అరగంట హార్మోనియం మార్కులను మింగేయదు. క్యారమ్ బోర్డు మింగిందా?

2020లో బాలు గారు పోయాక నెల్లూరు ప్రభుత్వ సంగీత నృత్య పాఠశాలకు ఆయన పేరు పెట్టారు. మంచిదే, కానీ కలువాయి నుంచి పిల్లలు రోజూ వెళ్ళి నేర్చుకునే దూరం కాదు. అందుకని పూర్వ విద్యార్థులకు నా మనవి. ఈసారి శాలువాలూ దండలూ వద్దు. ఆ డబ్బుతో ఒక పాత హార్మోనియమో, చిన్న కీబోర్డో కొందాం. మొదటి చందా నాది. పెట్టె తాళం మాత్రం ఆఫీసు బీరువాలో కాదు, పిల్లల లీడరు దగ్గర ఉండాలి.