షెడ్డు కూల్చే ముందు మట్టి తీసి చూడండి

నాదర్‌గుల్, బాలాపూర్, ఇబ్రహీంపట్నం అన్నలారా, అక్కలారా!

ఔటర్ రింగ్ రోడ్డు లోపలి 22 పారిశ్రామికవాడల్లో సుమారు 9,292 ఎకరాలను ఇళ్లకు, ఆఫీసులకు, మాల్స్‌కు మార్చుకోవచ్చంటూ 2025 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం ‘హిల్ట్’ విధానం తెచ్చింది. రిజిస్ట్రేషన్ విలువలో 30 శాతం, పెద్ద రోడ్డు పక్కనైతే 50 శాతం రుసుము కట్టాలి. మన దగ్గరి కాటేదాన్ కూడా ఆ జాబితాలో ఉంది.

ఊరి నడుమ పొగగొట్టాలు ఉండాలని మేమూ అనం. కాని షెడ్డు పోయినా కింద మట్టి పోదు కదా! కాటేదాన్ మట్టిలో సీసం, క్రోమియం వంటి లోహాలు మోతాదు మించి ఉన్నాయని ఎన్‌జీఆర్‌ఐ శాస్త్రవేత్తలు 2008లోనే అచ్చువేసి చెప్పారు. అక్కడి నూర్‌మహ్మద్ కుంట సంగతి అటు పోయేవాళ్లకు ముక్కే చెబుతుంది. రేపు అక్కడ అపార్ట్‌మెంట్లు లేస్తే ఆ మన్నులో ఆడుకునేది పిల్లలు. సెల్లార్ల కోసం తవ్విన మట్టి రాత్రికి రాత్రి లారీలెక్కి ఏ చెరువు శిఖంలో, ఏ వెంచర్ పల్లంలో పడుతుందో మనకు ఒకరు చెప్పాలా? పైగా కాలుష్య పరిశ్రమలను ఔటర్ అవతలికి పంపుతారట. ఆదిబట్ల దాటితే అవతల ఉన్నదీ మనవాళ్లే.

అందుకే అడుగుతున్నాం: ప్రతి ప్లాటులో మట్టి, బోరునీళ్లు పరీక్షించి, ఫలితం తెలుగులో గేటుకు అంటించాకే అనుమతి ఇవ్వాలి. శుద్ధి ఖర్చు యజమానిదే. తవ్విన మట్టి ఎక్కడికి పోయిందో లెక్క ఉండాలి.

ఇంకొకటి. వాడకొక గట్టి పాత షెడ్డును నిలిపి జనానికి వదలాలి. ఇది అయ్యే పని కాదంటే సైఫాబాద్ వెళ్లి చూడండి. 1903 నాటి టంకశాల అది. నాణేల పని 1997లో చర్లపల్లికి పోయినా భవనం నిలిచింది, 2022లో మ్యూజియం అయింది. ఓరుగల్లులో 1934 నాటి ఆజంజాహి మిల్లుకు ఆ భాగ్యం దక్కలేదు. మిల్లు మూతపడ్డాక నేల ప్లాట్లయింది. కాటేదాన్ షెడ్డులో మ్యూజియమే పెట్టాలని లేదు. ఐటీఐ పెట్టినా, పని పోయిన కార్మికుల పిల్లలకు లైబ్రరీ పెట్టినా మాకు సంతోషమే. కొలతలు తీసి పటాలు గీయడానికి మన నాదర్‌గుల్‌లోనే ఎంవీఎస్‌ఆర్ ఇంజనీరింగ్ కాలేజీ ఉంది.

వచ్చే సోమవారం కొంగరకలాన్ కలెక్టరేట్ ప్రజావాణిలో అర్జీ ఇస్తున్నాం. దీని వెనుక ఖాళీ వదిలాం, సంతకం పెట్టండి. వీలైనవాళ్లు పొద్దున్నే వెంట రండి.