వేలిముద్ర ఎవరి చేతిలో ఉంది?

‘ఓటీపీ ఎవరికీ చెప్పకండి’ అని బ్యాంకులు, పోలీసులు నిత్యం హెచ్చరిస్తుంటారు. మంచి మాటే. అయితే ఆ హెచ్చరిక సొంత ఫోను, చదువు, ఒంటరిగా కూర్చుని నొక్కుకునే తీరిక ఉన్న పౌరుణ్ణి ఊహించుకుని రాసినది. ఎస్సీ రిజర్వుడు నియోజకవర్గమైన తిరువూరు పరిధిలోని పెనుగొలనులో నేను మాట్లాడిన దళిత వ్యవసాయ కూలీ స్త్రీల పరిస్థితి వేరు. వారి ఆధార్‌కు జతపడిన నంబరు కొడుకుదో, మేస్త్రీదో. ఓటీపీ మరొకరికి తెలియకుండా వారికి ఏ సేవా అందదు.

ఆధార్ ఆధారిత చెల్లింపులో ఆ ఓటీపీ కూడా ఉండదు. బ్యాంకు మిత్ర యంత్రంపై వేలు పెడితే చాలు. ‘పడలేదు, మళ్లీ పెట్టమ్మా’ అంటే మళ్లీ పెడతారు. రెండోసారి ఎంత తీశారో స్లిప్పు అడిగితేగాని తెలియదు. అడిగే చనువు అందరికీ ఉండదు. ఉపాధి హామీ కూలి 2024 జనవరి 1 నుంచి ఆధార్‌తో అనుసంధానమైన ఖాతాకే జమవుతోంది. ఒకప్పుడు వడ్డీ వ్యాపారి ప్రోనోటుపై ఏమి రాసి ఉందో తెలియకుండా నిశాని వేసిన కులాలే నేడు ఈ యంత్రం ముందు నిలబడుతున్నాయి.

పోనీ, జాగ్రత్త పడితే సరిపోతుందా? 2018 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైటులో సుమారు 1.3 లక్షల మంది లబ్ధిదారుల ఆధార్ నంబర్లు, బ్యాంకు ఖాతాల వివరాలు, వాటితో పాటు కులం, మతం కూడా బహిరంగంగా కనబడ్డాయి. పరిశోధకుడు శ్రీనివాస్ కొడాలి దాన్ని బయటపెట్టారు. ఆ లబ్ధిదారులు ఎవరికీ ఓటీపీ చెప్పలేదు. ఇల్లు కోసం దరఖాస్తు చేసుకున్నారంతే. ఇల్లు కావాలంటే కులం చెప్పవలసిందే. చెప్పిన కులాన్ని దాచే బాధ్యత ఎవరిదన్న ప్రశ్న మాత్రం జాగ్రత్తల పోస్టర్లలో కనబడదు.

బయోమెట్రిక్ లాక్ ఉంది కదా అంటారు. ఉంది, ఉపయోగకరమే. కానీ లాక్ వేస్తే రేషను దుకాణంలో కూడా వేలిముద్ర పనిచేయదు. ప్రతిసారీ తెరవడానికి మళ్లీ ఫోను కావాలి. నెలకొకసారి బియ్యం తెచ్చుకునే మనిషికి ఈ రక్షణ ఖరీదైనది. 2025 జనవరిలో మొదలైన ‘మన మిత్ర’ వాట్సాప్ సేవలూ అంతే, ఫోను ఉన్నవారికి సౌకర్యం.

కనుక 2019 నుంచి నడుస్తున్న గ్రామ సచివాలయమే ఈ భారం మోయాలి. అడగకుండానే స్లిప్పు ఇప్పించడం, తీసిన మొత్తాన్ని తెలుగులో పైకి చదివి వినిపించే యంత్రాలు పెట్టించడం, లబ్ధిదారుల జాబితాల నుంచి కులం గడి తొలగించడం అసాధ్యమైన కోరికలు కావు. విద్యార్థులు సెలవుల్లో వాడకు వెళ్లి పాసు పుస్తకాల్లోని పద్దులు చదివి వినిపించవచ్చు. జిరాక్సులు ఇవ్వవలసిన చోట చివరి 4 అంకెలే కనబడే ఆధార్ ప్రతిని తీసి ఇవ్వవచ్చు. డబ్బు పోయినట్లు తేలితే ఆ గంటలోనే 1930కి ఫోను చేయించాలి. ఆ ఫిర్యాదు నంబరును పాసు పుస్తకం అట్టపైనే రాసిపెట్టి, మరునాడు బ్యాంకుకు రాతపూర్వకంగా అర్జీ ఇప్పించాలి.